కెర్‌డ్రెల్ జతగాడు

టోర్టుగా దీవి దాటాక గాలి పడిపోయింది. మిట్టమధ్యాహ్నం. తెరచాపలు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. పైన మావాళ్లు పాచికలాడుతూ ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు. అలాంటి వేళ కెప్టెన్ కెర్‌డ్రెల్ నన్ను తన గదిలోకి పిలిచి, గడియ వేయమన్నాడు.

కెర్‌డ్రెల్ పేరు చెబితే చాలు, స్పెయిన్ ఓడలవాళ్లు చుక్కాని వదిలేసి ప్రార్థనలు మొదలుపెట్టేవారు. ఆ మనిషి ఇప్పుడు తూటా గాయం కుళ్లి ఊయలలో మూలుగుతున్నాడు. గదంతా చీము కంపు, దానిమీద పొగబెట్టిన అడవిపంది మాంసం వాసన.

"ఒరేయ్ తిబో, నాకు జతగాడిగా ఉంటావట్రా?"

నా గుండె గంతేసింది. మా సముద్రపు దొంగల్లో జతకట్టడం పెళ్లికంటే గట్టిది. ఒకే కత్తితో కోసిన మాంసం ఇద్దరూ తింటే, ఒకడు పోయాక వాడిదంతా రెండోవాడిదే. అంటే ఈ ఓడ నాది! ఫ్రాన్స్‌లో, దియెప్ రేవులో కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న నా మార్గో దగ్గరికి వెళ్లిపోవచ్చు.

"మీ పాత జతగాడు గాస్పార్ మునిగిపోయాడుగా. నాకేం అడ్డు?" అన్నాను.

పళ్లెంలోని మాంసం కోసి తనొక ముక్క తిన్నాడు. ఇంకోటి కత్తిమొనతో అందించాడు. ఆశపోతుని కదా, నమలకుండానే మింగేశాను.

ఠక్... ఠక్...

ఓడ అడుగు నుంచి. నీళ్లవైపు నుంచి.

"ఏంటది?"

"గాస్పార్," కెర్‌డ్రెల్ గుసగుసలాడాడు. "మా పాత ఓడ మునిగేటప్పుడు దాని అడుగున ఇరుక్కుపోయాడు. తలుపు బాదుతూ నన్నే పిలిచాడు. తీస్తే నీళ్లు పైకొస్తాయని... ఎవర్నీ పలకొద్దన్నాను."

"నాకెందుకు చెబుతున్నారు?"

"నాదంతా ఇక నీదేగా."

నవ్వాడు. ఆ నవ్వు మొహాన ఉండగానే ప్రాణం పోయింది. చేతిలోని కత్తి జారి ఊయల పక్కన పడింది.

చప్పుడు ఆగలేదు. చెక్కల వెంట పైకి పాకింది... గది గోడలోకి వచ్చింది... నా పేరు పెట్టి పిలిచింది.

"తిబో..."

చచ్చేంత భయమేసింది. ఒక్క ఉదుటున గడియ లాగాను. తలుపు కదల్లేదు. సముద్రపు చెమ్మకి ఉబ్బి బిగుసుకుపోయింది. పిడికిళ్లతో బాదాను.

"తలుపు తొయ్యండ్రా! నేను, తిబోని!"

పాచికల చప్పుడు ఆగిపోయింది. తలుపు అవతల ఎవరివో గుసగుసలు.

"తిబో గొంతేరా..."

"గొంతుదేముంది? ఆ బాదుడు విను. అచ్చం గాస్పార్ అప్పుడు కొట్టినట్టే. పలక్కండ్రా, ఒక్కడు కూడా పలక్కండి."

తర్వాత తలుపుకి అడ్డంగా మేకులు దిగుతున్న చప్పుడు. ఆ తర్వాత పడవలు దింపుతున్న తాళ్ల కిరకిర... తెడ్లు... అవీ దూరమైపోయాయి. అరిచి అరిచి గొంతు పోయింది. ఓడ మొత్తం నాదే అయింది.

వెనక్కి తిరిగాను. ఊయల పక్కన పడి ఉండాల్సిన కత్తి పళ్లెంలో ఉంది. దాని పక్కన కొత్తగా కోసిన మాంసం ముక్క, నావైపు జరిపి ఉంది. పిడి నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఆ తడిని వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాను... సముద్రపు నీళ్లలా ఉప్పగా ఉంది.