తిరిగే బల్ల మీద తల్లి

టెక్నీషియన్ ప్రాణం పోయినా అతని ముందున్న తిరిగే బల్ల ఆగలేదు. దాని మీద ఏ బొమ్మా లేదు. ఖాళీ బల్ల మెల్లగా తిరుగుతుంటే, పైనున్న స్కానర్ ఆ ఖాళీనే బుద్ధిగా ఫొటోలు తీసి కంప్యూటర్‌కి పంపుతోంది. మ్యూజియం వాళ్లు కరెంట్ షాక్ అన్నారు. మెడ వెనక సూది గుచ్చిన చుక్క ఉందని పోస్ట్‌మార్టం డాక్టరు పెద్దాయన చెవిలో మాత్రం వేశాడు.

పెద్దాయన అంటే సీక్రెట్ సర్వీస్ చీఫ్. ఆయన పిలిపించింది నత్తని.

నత్త అసలు పేరు ఫైల్లో ఉంది, ఆ ఫైలు ఎవరికీ ఇవ్వరు. ఏ పనిలోనూ తొందరపడడు, ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు తలుపులు చూసుకుంటాడు, అందుకని తోటివాళ్లు పెట్టిన పేరది. ఆ నిదానం వెనకున్నది భయమని వాళ్లకి తెలియదు.

"మ్యూజియంలో ఉన్నవన్నీ త్రీడీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. ఎవరైనా ఇంట్లో కూర్చుని తిప్పి చూసుకోవచ్చు. మంచి పనే," అన్నాడు పెద్దాయన. "కానీ ఆ ఫైళ్లు విదేశీ ముఠాకి చేరుతున్నాయి. ఆ స్కాన్‌తో అచ్చు పోస్తే అచ్చం అలాంటి బొమ్మే వస్తుంది."

"నకిలీ లోపల పెట్టి అసలుది పట్టుకుపోతారు."

"కంచు తల్లి విగ్రహం మీద కన్నేశారు. రేపే ఆన్‌లైన్ ప్రారంభోత్సవం. నువ్వు కొత్త టెక్నీషియన్‌వి. చచ్చిపోయిన కుర్రాడి సీట్లో కూర్చుంటావు."

"అదే కుర్చీలోనా అండీ?"

"సోఫా వేయించమంటావా? లోపల మన ఏజెంట్ ఒకరున్నారు. 'ఏసీ ఎక్కువైంది' అను. 'బొమ్మలకి చలేమిటి' అని ఎవరంటే వాళ్లు. కళ్లు మూసుకుని నమ్మెయ్."

కళ్లు మూసుకోవడం నత్తకి ఎప్పుడూ చేతకాలేదు.

మర్నాడు పొద్దున్నే టెక్నీషియన్ కోటు తొడుక్కుని, దాని గుండీలో మైకు, చెవిలో ఇయర్‌ఫోన్ దాచుకుని, మ్యూజియం కింది అంతస్తులోని స్టోర్‌రూమ్‌లోకి దిగాడు. కిటికీల్లేవు. ఇనుప తలుపు ఒక్కటే. ఇంకో దారి ఉందేమోనని గది చుట్టూ ఓసారి చూసుకున్నాడు.

లోపల కంచు బొమ్మల చిలుము తుడిచే కెమిస్ట్ ఉంది. చచ్చిపోయిన టెక్నీషియన్‌కి సొంత అక్క. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నా పనికి వచ్చింది.

"ఆ కోటు మావాడిది," అంది. "నీకు వదులైంది, తమ్ముడూ."

నత్త కోటు చేతులు పైకి మడుచుకున్నాడు.

మూరెడు కంచు తల్లి, చంకలో పిల్లాడితో సహా, తిరిగే బల్ల మీద కూర్చుని ఉంది. మంత్రిగారు పై హాల్లో మీట నొక్కగానే ఈ బల్ల లైవ్‌లో తెర మీద కనబడాలి. ఆఖరిసారి దుమ్ము తుడుద్దామని అక్క వంగి, తల్లి బుగ్గ మీద గ్లవ్ వేలు ఆనించింది. వేలు అక్కడే ఆగిపోయింది. గ్లవ్ లాగి పడేసి ఒట్టి వేలితో తడిమింది.

"పోత పోసినప్పుడు పడ్డ సన్నటి గుంటలుంటాయి దీని నిండా. ఇక్కడ లేవు. చూడు, మాత్రబిళ్లంత మేర నున్నగా ఉంది. భుజం మీదా అంతే. పిల్లాడి వీపు మీదా అంతే."

"అంటే?"

"స్కాన్ చేసేటప్పుడు గుర్తు కోసం స్టిక్కర్లు అంటిస్తారు. బల్ల మీద అంటించాల్సినవి మావాడు బొమ్మ మీదే అంటించాడు, వెధవ. ఎంత తిట్టానో! స్టిక్కర్ కింద ఏముందో స్కానర్‌కి కనబడదు. ఆ జాగా కంప్యూటరే నున్నగా పూడ్చేస్తుంది." ఆమె ఆ నున్నటి చోటు మీంచి వేలు తీసేసింది. "ఇది మా తల్లి కాదు తమ్ముడూ. ఫైల్లోంచి పుట్టింది. వాడు కనిపెట్టేసి ఉంటాడు. అందుకే..."

సరిగ్గా అప్పుడే హైహీల్స్ చప్పుడయింది.

ముందు సెంటు వాసన, వెనకాలే మేడమ్. ఈ స్కానింగ్ ప్రాజెక్టుకి విదేశీ సంస్థ పంపిన డిజిటల్ కన్సల్టెంట్. పట్టు చీర, మేఘంలాంటి జుట్టు, చూసినవాడు దారి తప్పేంత నవ్వు.

నత్త పొడారిన పెదాలు తడుపుకున్నాడు. "ఏసీ ఎక్కువైంది మేడమ్."

"బొమ్మలకి చలేమిటి?" అంది ఆమె చల్లగా.

అమ్మయ్య అనుకున్నాడు. నున్నటి మచ్చల సంగతి మొత్తం చెప్పేశాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"మీకే."

"మంచి పని చేశారు. ఇద్దరూ ఇక్కడే ఉండండి." మూలనున్న ఖాళీ స్కానర్ పెట్టె భుజాన తగిలించుకుని వెళ్లింది. ఖాళీ పెట్టెకి ఆమె భుజం అంత కిందికి ఎందుకు ఒరిగిందా అని నత్త అనుకునేలోపు ఇనుప తలుపుకి బయట తాళం పడింది. ఆ వెంటనే గది దద్దరిల్లేలా హారన్ మోగింది.

"గ్యాస్! బయట మీట తిప్పేసింది!" అక్క కేక పెట్టింది. "నీళ్లు కొడితే బొమ్మలు పాడవుతాయని పెట్టారు. మంటనీ ఆర్పుతుంది, మనిషినీ ఆర్పుతుంది. రా!"

అతని చెయ్యి పట్టి లాక్కెళ్లి, తలుపు పక్కనున్న పసుపు మీట మీద బొటనవేలు పెట్టించింది. "నొక్కి పట్టుకో. నొక్కినంతసేపే ఆగుతుంది. వదిలావా, ఇద్దరం పోయినట్టే."

హారన్ ఆగి సన్నటి కూతగా మారింది. నత్త గుండీ మైకులోకి అరిచాడు. చెవిలో గురగుర తప్ప ఏమీ వినబడలేదు. ఆ గోడల్లోంచి కబురు పోదు. వేలు పట్టు తప్పుతుందేమోనని రెండో చేత్తో గట్టిగా అదిమాడు.

పైకప్పు స్పీకర్‌లోంచి మంత్రిగారి ఉపన్యాసం వినబడుతోంది. మన సంస్కృతి, మన వారసత్వం, మా ప్రభుత్వం.

"తొందరగా ముగించు బాబూ," అన్నాడు నత్త ఏడుపు గొంతుతో. అతని నోటంట తొందర అనే మాట రావడం అదే మొదలు.

అక్క స్కానర్‌కేసి చూసింది. ఎర్ర లైటు. "అది పచ్చగా మారితే పైన కనబడతాం. మనం కాదు, బల్ల మీదున్నదొక్కటే. మాట వినబడదు."

"అయితే దాని మీదే రాయి. అసలుది ఆవిడ మోసుకెళ్లిన పెట్టెలో ఉంది, ఖాళీ పెట్టెకి అంత బరువుండదు."

అట్టపెట్టెల మీద రాసే నల్ల మార్కర్ తీసింది గానీ ఆమె చెయ్యి ముందుకు సాగలేదు. ఇన్నేళ్లలో బొమ్మ మీద ఊపిరి తగిలినా నొచ్చుకున్న మనిషి.

"అక్కా, అది మీ తల్లి కాదన్నావుగా!"

రాసింది. ముందువైపు: నేను నకిలీ. వీపున: అసలుది మేడమ్ పెట్టెలో. పీఠం చుట్టూ: స్టోర్‌లో గ్యాస్, తలుపు తియ్యండి.

పచ్చ లైటు వెలిగింది. బల్ల కదిలింది.

స్పీకర్‌లో చప్పట్లు. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో నవ్వారు. కుర్చీలు జరిగాయి. అంతలో స్పీకరే ఆగిపోయింది.

చదివారా? చదవకముందే ఎవరైనా తెర ఆపేశారా? చెమటకి నత్త వేలు మీట మీద జారుతోంది. అక్క వచ్చి అతని వేలి మీద తన వేలు వేసి అదిమింది. ఆమె చెయ్యి మంచుగడ్డలా ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తాళం విరిగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. ప్రెస్ ఫొటోగ్రాఫర్ వేషంలో, మెడలో కెమెరాతో, రొప్పుతూ పెద్దాయన.

"కారు డోర్ వేసుకుంటుంటే పట్టుకున్నాం. రెండువైపులా జీతం తీసుకుంటోందిరా మహాతల్లి! బ్యాగులో సూదులు కూడా దొరికాయి."

"మా తల్లి?" అంది అక్క.

"పెట్టెలో భద్రంగా ఉందమ్మా. బుగ్గల నిండా గుంటలే."

ఆమె మెట్లెక్కి పరుగెత్తింది. పెద్దాయన నత్త వైపు తిరిగాడు. "ఇంక వదిలెయ్‌రా. గ్యాస్ సిలిండర్లు విప్పించేశాను."

నత్త వేలు కదల్లేదు.

"నా మాట మీద నమ్మకం లేదా?"

"కళ్లు మూసుకుని నమ్మమని మీరు చెప్పిన మనిషే కదండీ తాళం వేసింది. ఆ సిలిండర్లేవో ఇటు పట్రండి. చూసి వదుల్తాను."

సీక్రెట్ సర్వీస్ చీఫ్ చొక్కా చేతులు మడిచి, మెట్ల మీదుగా సిలిండర్లు ఒక్కొక్కటే దొర్లించుకుంటూ తెచ్చాడు. ఆ మ్యూజియంలో స్కాన్ చేసి ప్రపంచానికి చూపించకుండా మిగిలిపోయిన అపురూప దృశ్యం అదొక్కటే.