నానమ్మ ఏమందంటే

"హీటర్ రోజుకు ఎంతసేపు వేసుకుంటారో మీ నానమ్మగారిని అడుగమ్మా," అంది మోరాగ్.

చర్చి హాల్లో ఓ మూల బల్ల వేసుకుని కూర్చుంది ఆవిడ. చలికాలం కరెంటు బిల్లులు కట్టలేకపోతున్నవాళ్లకు ఎక్కడ సాయం దొరుకుతుందో చెప్పి, కాగితాలు నింపి పెట్టడం ఆవిడ పని. సమోవా దీవుల నుంచి వచ్చిన నానమ్మకు సమోవా భాషే తప్ప ఇంగ్లిష్ రాదు. అమ్మకు ఆస్పత్రిలో డ్యూటీ. పనిచేసే మాంసం ఫ్యాక్టరీని చలికాలం మూసేయడంతో నాన్న పని కోసం వేరే ఊరు వెళ్లాడు. అందుకే బడి వదలగానే పదేళ్ల పెనీనా నానమ్మను వెంటబెట్టుకుని వచ్చింది.

పెనీనా ఆ ప్రశ్నను సమోవాలో చెప్పింది.

"వెయ్యడమే మానేశామని చెప్పు," అంది నానమ్మ. "పోయిన బిల్లు చూసినప్పటి నుంచీ ఆ స్విచ్ ముట్టుకోవాలంటేనే భయం. నలుగురం ఒకే గదిలో ముడుచుకుని పడుకుంటున్నాం. పిల్లాడికి దగ్గు తగ్గట్లేదు. అదీ చెప్పు."

పెనీనా నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే, నేలమీద కూర్చుని బొమ్మ వేసుకుంటున్న కిర్స్టీ తలెత్తి చూసింది. కిర్స్టీ మోరాగ్ కూతురు. పెనీనా క్లాసే. రేపు బడిలో అందరికీ చెప్పేస్తే?

"సాయంత్రం పూట వేసుకుంటాం అంటోంది," అంది పెనీనా.

"బిల్లు కట్టడం కష్టంగా ఉందా?"

ఈసారి పెనీనా నానమ్మను అడగను కూడా అడగలేదు. "లేదండీ. బాగానే ఉన్నాం."

మోరాగ్ పెన్ను పక్కన పెట్టింది. "సరేనమ్మా. అవసరమైతే మళ్లీ రండి. రేపు కూడా ఇక్కడే ఉంటాను."

"ఏమందే?" అంది నానమ్మ ఆశగా.

"ఇప్పుడు ఇవ్వడానికి ఏమీ లేదంట."

"పోనీలే. మనకంటే కష్టంలో ఉన్నవాళ్లకు ఇచ్చి ఉంటారు," అంది నానమ్మ. మోరాగ్ చేతిని రెండు చేతులతో పట్టుకుని మరీ వీడ్కోలు తీసుకుంది.

ఇంటికొచ్చాక నానమ్మ కోటు విప్పలేదు. అలాగే చాప అల్లడానికి కూర్చుంది. అది సమోవా ఆచారం ప్రకారం చిన్నత్త పెళ్లికి కానుకగా పంపాల్సిన సన్నటి చాప. నాలుగు పాయలు అల్లి ఆగింది. చేతులు చంకల్లో దూర్చుకుని వేడి చేసుకుంది. మళ్లీ రెండు పాయలు అల్లింది. చివరికి చాప చుట్టేసి గోడకు ఆనించింది.

"వేళ్లు మాట వినట్లేదే," అంది.

దుప్పట్లోంచి తమ్ముడు తవిత దగ్గాడు. ఆగకుండా దగ్గాడు.

"నానమ్మా..." అంది పెనీనా. "ఆవిడ లేదనలేదు. నువ్వు చెప్పింది నేనే చెప్పలేదు."

"ఎందుకని?"

"కిర్స్టీ వింటోంది. నవ్వుతుందేమోనని."

నానమ్మ కోప్పడలేదు. అదే పెనీనాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"నాకు ఇక్కడి భాష రాదు తల్లీ," అంది నానమ్మ. "నా మాట నీ చేతిలో పెట్టాను. అది ఎక్కడ పడిపోయిందో నాకెలా తెలుస్తుంది?"

మర్నాడు బడి అవగానే పెనీనాయే నానమ్మ చెయ్యి పట్టుకుని హాలుకు నడిపించింది. కిర్స్టీ అక్కడే ఉంది. పెనీనా చెవులు వేడెక్కాయి.

"నిన్న నేను తప్పు చెప్పానండీ," అంది మోరాగ్‌తో. "నానమ్మ ఏమందంటే..."

ఒక్కొక్కటే చెప్పింది. హీటర్ గురించి, ఒకే గది గురించి, తవిత దగ్గు గురించి. గొంతు తగ్గించలేదు. మోరాగ్ అన్నీ రాసుకుంది. "కరెంటు కంపెనీని, సాయం ఇచ్చే ప్రభుత్వ ఆఫీసును, రెండు చోట్లా అడగాలి. కరెంటు కంపెనీతో ఇప్పుడే మాట్లాడదాం. ఎంత ఇస్తారో చెప్పలేను కానీ, అడుగుదాం," అని ఫోన్ తీసింది. ఫోన్‌లో అడిగిన ప్రతి ప్రశ్ననూ పెనీనా నానమ్మకు చెప్పింది. నానమ్మ చెప్పిన ప్రతి జవాబునూ ఫోన్‌లో చెప్పింది. బిల్లు వాయిదాల్లో కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. ప్రభుత్వ ఆఫీసుకు పంపాల్సిన కాగితం మీద నానమ్మ మెల్లగా సంతకం పెట్టింది.

వాళ్లు లేచేసరికి గుమ్మం దగ్గర ఇయోసేఫో తాతయ్య నిలబడి ఉన్నాడు. ఆదివారం ప్రార్థనలో వాళ్ల ముందు వరసలో కూర్చునే పెద్దాయన. పెనీనాను చూడగానే చేతిలోని కరెంటు బిల్లు కవరు జేబులో కుక్కేశాడు.

"నాకేం అక్కర్లేదమ్మా. ఊరికే ఇటు వచ్చాను," అని వెనక్కి తిరిగాడు.

పెనీనా పరుగెత్తుకెళ్లి ఆయన ముందు నిలబడింది.

"తాతయ్యా, మా ఇంట్లో హీటర్ వెయ్యట్లేదు. తవితకు దగ్గు. నిన్న సిగ్గేసి చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పాను. నువ్వు మన భాషలో చెప్పు. నువ్వు చెప్పిందంతా నేను చెప్తాను."

పెద్దాయన ఆమె వంక చూశాడు. బల్ల వంక చూశాడు. కిర్స్టీ లేచి, ఇంకో కుర్చీ బరబరా లాక్కొచ్చి బల్ల ముందు వేసింది.

తాతయ్య కూర్చున్నాడు. జేబులోంచి కవరు తీశాడు.

"చెప్పు తాతయ్యా," అంది పెనీనా.