కోటుచెయ్యిలో బేరం

షియాన్ కోటగోడ కింద తెల్లవారుజామున జరిగే దయ్యాల సంతకు మూడు కట్టుబాట్లు. లాంతరు వెలుగు ఎదుటివాళ్ల ముఖం మీద వేయకూడదు. వస్తువును చేతి నుంచి చేతికి అందించకూడదు; బల్ల మీద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. ఎక్కడిది, ఎక్కడివాళ్లు అని అడగకూడదు. ఈ మూడూ తు.చ. తప్పకుండా పాటించబట్టే, అక్కడ పాత సామాన్లమ్మే గెంగ్ బోకు ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లి కాలేదని పక్కన పాత గుండీలమ్మే హావో పిన్ని తేల్చేసింది.

ఆ సోమవారం పొగమంచు దట్టంగా దిగింది. వచ్చే మనుషులు నడుము దాకా కనిపించి, పైన మాయమవుతున్నారు. అందులోంచి ఒక అమ్మాయి వచ్చి బల్ల మీది ఒంటె మెడ గంటను తీసి అటూ ఇటూ తిప్పింది. నాలుక ఉన్న గంటే. మోగలేదు.

బో కోటుచెయ్యి చాచాడు. అది తాత కోటు. ఆ చేతుల్లో పిల్లి దూరేంత వెడల్పు. ధర పక్కవాడి చెవిన పడకుండా ఈ సంతలో బేరమంతా కోటుచెయ్యి లోపల, వేళ్లతోనే. అమ్మాయి తన చేయి లోపలికి పోనిచ్చింది. ఐదు వందల యువాన్లని చెప్పడానికి బో ఆమె వేళ్ల కోసం వెతికాడు.

అక్కడ చేయి లేదు.

మణికట్టు దాకా తడిమాడు. బావి అడుగున ఉన్నట్టు చలి, అంతే. ఆమె మాత్రం ధర విన్నట్టు తల ఊపింది, కనురెప్పలు దించింది, పెదవి చివర నవ్వింది. "అయితే రేపొస్తాను," అని మంచులోకి వెళ్లిపోయింది.

బో లెక్కల మనిషి. భయపడేముందు కూడా పద్దు వేసుకుంటాడు. మనిషనడానికి: బూట్లకు బురద ఉంది, నవ్వు బాగుంది. కాదనడానికి: మోగని గంట, లేని చేయి. సమానంగా తూగాయి. అలాంటప్పుడు వ్యాపారి సరుకు కదపడు.

మంగళవారం నుంచి అతను లావుపాటి దూది తొడుగులు చేతులకు వేసుకుని, కోటుచేతులు బిగించి, ధర నోటితోనే చెప్పాడు. ఆ సంతలో అది పరువు తక్కువ పని. హావో పిన్ని గుండీల మీద ఉమ్మినంత పని చేసింది.

"నిన్నటి మర్యాద ఇవాళ లేదేం?" అంది అమ్మాయి.

"చలండి."

"మీకా, మీ మర్యాదకా?"

ఆమె గంట కొనదు, వదలదు. ఊరికి కొత్తనని, ఏం చూడాలో చెప్పమని అడిగింది. ఆ విషయంలో బో చేతికి ఎముక లేదు. పాతకాలపు మట్టి సైనికుల విగ్రహాల దగ్గరికి పొద్దున్నే వెళ్లమన్నాడు. కోటగోడ మీద సైకిలు తొక్కేముందు బ్రేకులు చూసుకోమన్నాడు. తినుబండారాల వీధి మొదట్లో అద్దెలెక్కువ, కాబట్టి మాంసం తక్కువ; రెండు సందులు లోపలికెళ్లి తినమన్నాడు. పట్టు కొనేటప్పుడు మొదటి ధర వినగానే నవ్వాలి, రెండోది వినగానే నడవాలి, మూడోది వెనక నుంచి వస్తుంది, దానికి ఆగాలి అన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. అతని గుండె ఆ నవ్వును రొక్కంగా జమ కట్టుకుంది.

కానీ ఆమె అడిగే చోట్లు వేరు. ఉత్తర ద్వారం పక్క చెక్క సినిమాహాలు ఎటు అంది. అది కాలిపోయి యాభై ఏళ్లు. కాలవ వంతెన దగ్గర ఎండు పెర్సిమన్ పండ్ల బిళ్లలు అమ్మే మూగామె ఉందా అంది, కాలవే లేదు. అడిగిన ప్రతిసారీ బో వెన్నులో చీమ పాకింది. శుక్రవారానికి పద్దు మనిషి కాదనే వైపుకు ఒరిగింది. మనసు మాత్రం రెండోవైపు తూకపురాయిలా కూర్చుని లేవనంది.

శనివారం ఆమె, రేపు సాయంత్రం రైలుకు వెళ్లిపోతున్నానంది.

ఆమె వెళ్లాక హావో పిన్ని లాంతరు పైకెత్తింది. "ఒరే బో, ఆ పిల్లెవరో అడగరా."

"కట్టుబాటు పిన్నీ."

"కట్టుబాటా, భయమా? దయ్యమైతే ఏం? తిండి ఖర్చు ఉండదు, పుట్టింటి పేచీ ఉండదు. మనిషైతే మాత్రం రేపటితో పోతుంది. ఏది ఎక్కువ నష్టమో నువ్వే చూసుకో."

ఆ రెండో నష్టం బో అంతవరకూ లెక్క వేయలేదు. ఇప్పుడు వేసి చూశాడు. దయ్యాన్ని ప్రేమిస్తే పోయేది ధైర్యం. మనిషిని అడక్కుండా పంపేస్తే పోయేది మిగతా బతుకంతా.

ఆదివారం దుకాణం పిన్నికి అప్పగించి, అమ్మాయిని మటన్ పులుసు తాగడానికి రమ్మన్నాడు. అతని ఎత్తుగడ అతనికుంది. ఆ పులుసు హోటల్లో రొట్టె ఎవరిది వాళ్లే గిన్నెలోకి తుంచుకోవాలి, సోయా గింజంత ముక్కలుగా. పెద్ద ముక్కలు కనిపిస్తే వంటవాడు గిన్నె వెనక్కి పంపేస్తాడు. చేయి లేనివాళ్లు రొట్టె తుంచలేరు.

కిటికీలోంచి పల్చని ఎండ బల్ల మీద పడింది. ఆమె రొట్టె తుంచడం మొదలుపెట్టింది. పది వేళ్లు, అన్నీ ఉన్నవే, చలికి ఎర్రబడినవి. ముక్కలు మాత్రం అక్రోట్లంత. ఇంత మొరటుగా తుంచేది బతికున్న మనిషేనని బో ఊపిరి పీల్చుకున్నాడు. చేతి తొడుగులు తీసి తన రొట్టె అందుకుంటూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కట్టుబాటు తప్పాడు.

"మీరెవరండీ? ఎక్కడినుంచి వచ్చారు?"

"ఆరు రోజులు పట్టిందా?" అంది ఆమె. పేరు లియాంగ్ పెయ్‌యున్. ఊరు గ్వాంగ్‌జౌ. వాళ్ల నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు ఇక్కడి బట్టల మిల్లులో రెండేళ్లు పనిచేసింది. మనవరాలు షియాన్ వెళ్తోందని తెలిసి, ఏం చూడాలో, ఏం తినాలో, ఎక్కడ కొనాలో నాలుగు కాగితాలు రాసిచ్చింది. ఆవిడ లెక్కలో ఊరు అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

సినిమాహాలు అలా తీరింది. మరి గంట? నాలుకను వేలితో పట్టుకుందట. పక్కన హావో పిన్ని కూర్చునే కునుకు తీస్తోంది, లేపడం ఎందుకని. బో తన పద్దులో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. అతని చేతులకేసి చూస్తోంది. ఆమె చేతిలోని రొట్టె గిన్నెలో పడిపోయింది.

"మీ చిటికెనవేలు," అంది మెల్లగా. "బాగానే ఉందే."

"బాగుండక?"

పెయ్‌యున్ సంచిలోంచి నాయనమ్మ కాగితం తీసి, చేతికివ్వకుండా సంత పద్ధతిలో బల్ల మీద పెట్టింది. బో చదివాడు. 'కోటగోడ కింద గెంగ్ వాళ్ల దగ్గర మోసముండదు. కుడి చిటికెనవేలు ఒక కణుపు పొట్టిగా ఉన్నవాడితోనే బేరం చేయి. అరచేయి మూసి రెండుసార్లు నొక్కితే, ఈ సరుకు నీ కోసం దాచాను, తిరిగి రా అని. నాకూ ఒకసారి అలాగే నొక్కాడు. నేను తిరిగి వెళ్లలేదు.'

"సోమవారం మీ కోటుచెయ్యిలో ఆ చేయే ఉంది," అంది పెయ్‌యున్. "వెచ్చగా ఉంది. చిటికెనవేలు పొట్టి. ఐదు చెప్పింది, నేను మూడన్నాను. అప్పుడు నా అరచేయి మూసి రెండుసార్లు నొక్కింది. మీరు దాచారనుకున్నాను. అందుకే రోజూ వచ్చాను."

బో తన కోటుచెయ్యి వైపు చూశాడు. ఆ వేలు తాతది. కణుపు రంపం కింద పోయింది. తాత పోయి పదకొండేళ్లు. ఆ రెండు నొక్కుల సైగ తాతతోనే పోయింది. ఇప్పుడు సంతలో ఎవరికీ తెలియదు.

తనకు దొరకని చేయి ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. మధ్యలో ఇంకొకరు అందుకున్నారు.

కోటులోంచి పాత పొగాకు వాసన వేసింది. బో ఆ కోటును పదకొండుసార్లు ఉతికించాడు.

"గంట దాచలేదు మరి," అంది పెయ్‌యున్ చివరికి. "రోజూ బల్ల మీదే ఉంది, ఎవరైనా కొనుక్కునేలా. ఆయన దాచిన సరుకేది?"

బో ముందు గిన్నెను చూశాడు, తర్వాత ఆమెను. "ఇరవై తొమ్మిదేళ్లుగా ఎవరూ కొనకుండా ఆ దుకాణంలో మిగిలిపోయింది ఒక్కటే ఉంది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "వాడిన సరుకా?"

"కొత్తదే. దుమ్ము పట్టింది." ఆగి అడిగాడు, "టికెట్ రద్దు చేస్తే ఎంత పోతుంది?"

"ఐదో వంతు."

"ఉంటే?"

"నాయనమ్మకు ఫోన్ చేసి చెప్పాలి, ఈసారి తిరిగొచ్చామని."

బో కోటుచెయ్యి చాచాడు. పెయ్‌యున్ కిటికీవైపు ఒకసారి, కోటువైపు ఒకసారి చూసి, ఊపిరి బిగబట్టి చేయి లోపలికి పోనిచ్చింది. ఈసారి అతనికి ఆ వేళ్లు దొరికాయి. చల్లగా, రొట్టె పొడి అంటుకుని ఉన్నాయి. అరచేయి మూసి రెండుసార్లు నొక్కాడు.

తర్వాత, అలవాటు కొద్దీ, లోపల ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టుకున్నాడు. రెండే.