ఆరో అరుగు

డెబ్బై రెండో అంతస్తు నేలమీద చివరి సుద్దగీత గీసి కోమలి నడుం నిలబెట్టింది. ఒక్కో గడి ఒక్కో పడకగూడు. పొడవు ఏడడుగులు, వెడల్పు మూడు, ఒకదానిమీద ఒకటిగా మూడు వరసలు.

"రెండువందల యాభై రెండు," అంది చెవిలో పొందిక, జాగాలు లెక్కగట్టి పంచే యంత్రం. "తూర్పు కిటికీ దగ్గర ఇంకో ఆరు పడతాయి."

"అక్కడ గాలి రావాలి."

"గాలి గొట్టాలున్నాయి."

కోమలి ఆ ఆరూ గీసింది.

సముద్రం పాత విశాఖను మింగాక కొండవాలున నలభై ఒక్క నిలువూళ్ళు లేచాయి. ఇది తొమ్మిదోది. నూట ఇరవై అంతస్తులు, ముప్పై వేలమంది. ప్రతి పన్నెండు అంతస్తులకూ ఒక అరుగు, అంటే అడ్డుగోడలు లేకుండా, ఎవరి పేరునా లేకుండా అందరిదీ అయిన చోటు. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆ నమూనా గీసింది కోమలే. ఇల్లు ఎంత ఇరుకైనా సరే, మనిషి గడప దాటితే కాస్త జాగా కనబడాలని పెద్దలతో పోట్లాడి మరీ సాధించింది.

తర్వాత జనం పెరిగారు, పడకలు చాలలేదు. ఏ అరుగు మీద మనుషుల నిలకడ, అంటే వాళ్ళు గడిపే సమయం, తగ్గితే పొందిక దాన్ని పడకగూళ్ళకు కేటాయించేది. అందుకు చట్టప్రకారం ఒక మనిషి సంతకం కావాలి. తొమ్మిదిసార్లు ఆ సంతకం కోమలే చేసింది. మెట్లమీద ముడుచుకుని పడుకునేవాళ్ళని రోజూ దాటుకుంటూ పోయే మనిషికి, ఖాళీ అరుగును వెనకేసుకు రావడం చేతకాలేదు.

మిగిలింది ఇదొక్కటే. నిలకడ నూటికి నాలుగు.

"ఓ గంట ఆగండమ్మా," అన్నాడు అరుగు ఊడ్చే పైడయ్య. "ముత్యాలు వస్తన్నాడు."

"ఎవరాయన?"

"లిఫ్టులు బాగుచేసీవోడు. పొద్దున్నే నలభయ్యో అంతస్తుకాడ కాలుజారి గోతిలో పడిపోనాడు."

ముసలాయన బకెట్లో గుడ్డలు తడిపి, స్టూలెక్కి, పైకప్పుకు ఉన్న, మనుషుల్ని లెక్కపెట్టే లెక్కకన్నులన్నిటికీ ఒక్కొక్కటే చుట్టాడు. చేయి తిరిగిన పనిలా ఉంది.

"ఆరో అరుగులో లెక్క ఆగింది," అంది పొందిక. "బహుశా ఆవిరి."

సరుకుల తలుపు తెరుచుకుంది. నలుగురు మనుషులు ఒక రేకు మీద దుప్పటి కప్పిన శరీరాన్ని మోసుకొచ్చి సుద్దగడుల మధ్య దింపారు. వెనకాల ముత్యాలు భార్య నూకాలు. ఆ వెనక పై అంతస్తులవాళ్ళు, కింది అంతస్తులవాళ్ళు, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు లేకుండా వచ్చి నిలబడ్డారు.

ప్రాణం పోయిన గంటలోగా శవాన్ని బూడిదగదికి పంపాలన్నది నిబంధన. బరువులు మోసే మోతమరలు వచ్చి తీసుకుపోతాయి. ఎవరూ వెంట వెళ్ళకూడదు.

"ఇంట్లో ఉంచలేకపోయారా?" అని అడిగింది కోమలి. అడిగాక సిగ్గుపడింది.

నూకాలు కళ్ళెత్తి చూసింది. "మాయింట్లో మడిసి కాళ్ళు సాపితే తలుపు పడదమ్మా. యెక్కడెట్టమంటారు?"

శవం పక్కన ముత్యాలు అన్న కూర్చుని, చెవి దగ్గరికి వంగి, "ఒరే ముత్యాలూ" అని మూడుసార్లు పిలిచాడు. పిలుపు పిలుపుకీ మధ్య ఆగి, జవాబు కోసం చూశాడు. పాడెను దారిలో ఒకసారి కిందికి దింపి, పోయినవాడు నిజంగానే పోయాడా అని అడిగే ఆ చోటును దింపుడు కళ్ళం అంటారని కోమలికి తెలుసు. గీసిన పటాల్లో మాత్రం దాన్ని ఎన్నడూ పెట్టలేదు.

"ఇలా ఎన్నాళ్ళనుంచి?" అని పైడయ్యను పక్కకి పిలిచి అడిగింది.

"మొదట్నుంచీని. ఇప్పుడు నిలువూరు మొత్తానికీ ఇదొక్కటే గదా. వారానికి అయిదారుగురు."

మూడువందల మంది నిలబడ్డ గంటలన్నీ పొందిక లెక్కలో ఖాళీ గంటలు.

"మిగతా అరుగులు కూడా..."

"మూడోదీ, ఏడోదీ ఇలాటివే. ఎక్కువ వాడినవే లెక్కలో కాళీ అయి ముందు పోనాయమ్మా."

"నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే శవాన్ని మాకొగ్గుతారా? మోతమరలొచ్చి పట్టుకుపోవా?"

కోమలి గోడకి ఆనుకుంది.

"సంతకం మిగిలి ఉంది," అంది పొందిక. "పనివాళ్ళు బయల్దేరారు."

తను కాదంటే సాయంత్రానికి ఇంకో నిలువూరునుంచి ఇంకొకరు వచ్చి సంతకం చేస్తారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. కేటాయింపు పత్రమున్న పలక తెరిచి, వినియోగం దగ్గర 'పడకగూళ్ళు' కొట్టేసి, 'దింపుడు కళ్ళం' అని రాసింది. వాడేవారు: ముప్పై వేలమంది. సమయం: పరిమితి లేదు. సంతకం పెట్టేముందు నూకాలు దగ్గర కూర్చుంది.

"పైనున్న ఆ గుడ్డలు తీయాలి నూకాలమ్మా. ఇంతమంది లెక్కలో కనబడాలి. తీస్తే మీ ఆయన సంగతి తెలిసిపోతుంది. నేను రాసింది నిలబడితే ఎవరూ ముట్టుకోరు. నిలబడకపోతే తీసుకుపోతారు."

నూకాలు చాలాసేపు భర్త ముఖంలోకే చూసింది. "దొంగసొత్తులాగ దాసుకుని తెచ్చుకున్నాం ఈయన్ని," అంది. "తీయించండి."

పైడయ్య గుడ్డలు లాగేశాడు. కోమలి సంతకం చేసింది.

"మూడువందల పన్నెండుమంది. ఒకరికి ఊపిరి లేదు," అంది పొందిక. "ఈ వినియోగం జాబితాలో లేదు. మనిషి సంతకం ఉంది కనుక చేరుస్తున్నాను. నమూనా ఒకటే కనుక అన్ని నిలువూళ్ళకూ వర్తిస్తుంది. ముప్పై మూడు నిలువూళ్ళలో ఒక్క అరుగూ మిగల్లేదు. ఒక్కోచోట ఒక అరుగు తెరవడానికి రెండువందల యాభై ఎనిమిది మందిని గూళ్ళనుంచి ఖాళీ చేయించాలి. కొనసాగించాలా?"

ఎనిమిది వేల అయిదువందల మంది. వాళ్ళందరికీ గూళ్ళు గీసిచ్చిన చేతుల్లో తనవీ ఉన్నాయి. మెట్లు తప్ప వాళ్ళకింకో దారి లేదు.

"కొనసాగించాలా?"

"కొనసాగించు," అంది కోమలి.

మోతమరలు రెండు వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాయి. జాబితాలో లేనిది రాసినందుకు సాయంత్రంనుంచి ఆమె సంతకం చెల్లదనీ, ఉద్యోగంతోపాటు ఇచ్చిన గది కూడా వదలాలనీ పొందిక చెప్పింది. జనం ఏడుపులో ఆ మాటలు సగమే వినబడ్డాయి. ఈసారి ఎవరూ గొంతు అణుచుకోలేదు.

మధ్యాహ్నమవుతుండగా ఒకామె మెట్లెక్కి వచ్చింది. నెత్తిన పరుపుమూట, చేతిలో కేటాయింపు చీటీ.

"పదిహేడో నంబరు గూడు ఎక్కడండీ? నాలుగేళ్ళకి వచ్చింది."

కోమలి లేచి ఎదురు వెళ్ళింది. "రాదమ్మా. నేనే రద్దు చేశాను."

ఆమె కోమలిని చూసింది, జనాన్ని చూసింది, శవాన్ని చూసింది. మూట మెట్టుమీద దింపి, దానికి ఆనుకుని, కోమలికి వీపు చూపించి కూర్చుంది. ఆ పై మెట్టుమీద కోమలి కూడా కూర్చుంది.