ఆముదపు గొట్టాల బండి

రత్నకూట రాజ్యంలో రాజూ, మంత్రీ, సేనాపతీ అందరూ ఒకేరోజున శిలలైపోయారు. అది ఆయుధపూజ రోజు. ఆనాడు కోట మెట్ల మీద పైమెట్టున రాజుగారు, ఆ కింద యువరాజు, మంత్రి, సేనాపతి వరుసగా, అట్టడుగు మెట్టున ఆయుధాలు చేసి తెచ్చిన పనివాళ్లు నిలబడటం అక్కడి ఆచారం. అప్పుడే కంకాళుడనే మాంత్రికుడు వచ్చి సగం రాజ్యం ఇమ్మని అడిగాడు. రాజుగారు ఫక్కున నవ్వారు. అంతటి మాంత్రికుడికీ ఆ నవ్వు సహించలేదు పాపం! మెట్ల మీదున్న వాళ్లందరినీ శిలలుగా మార్చేశాడు.

"ధూమ్రగుహలోని దీపం వెలుగు ముఖాన పడితేనే మీకు మళ్లీ ప్రాణం. గాలికి ఆరదు, వానకు ఆరదు. మనిషి ఊపిరి సోకితే మాత్రం ఆరిపోతుంది. తెచ్చుకోండి చూద్దాం!" అని మాయమయ్యాడు.

అడుగుమెట్టున శిలలైన వాళ్లలో విల్లులు చేసే బయ్యన ఒకడు. ఆయన కూతురు గౌరసాని తల్లి లేని పిల్ల. రోజూ వచ్చి తండ్రి పక్కన కూర్చుని, ఆయన వింటున్నాడనుకుని ఇంటి సంగతులు చెప్పేది. జవాబు రాదని తెలిసీ చెప్పేది. చివరికి ఒకనాడు, ఇక చెప్పడం కాదు, దీపం తేవాలి అనుకుంది.

ఊపిరి సోకకుండా దీపం తేవడం ఎలా? తిరునాళ్లలో ఒక వర్తకుడు మాయబండ్లు అమ్ముతున్నాడు. మూరెడు పొడవు, ఎర్రటి లక్కరంగు, నాలుగు చక్రాలు. దూరంగా నిలబడి చేతిలో పుల్లను ఎటు వంచితే బండి అటు పరుగెడుతుంది.

"కొండలెక్కుద్ది, గుట్టలు దూకుద్ది! తీసుకో తల్లీ!" అన్నాడు వర్తకుడు. అమ్మేవాడు ఇంకేమంటాడు? గౌరసాని ఒక బండి కొనుక్కుని, తండ్రి పనిముట్ల సంచి భుజాన వేసుకుని అడవిదారి పట్టింది.

గుహ వాకిట్లో ధూమ్ర అనే రాక్షసి కూర్చుని ఉంది. బండిని చూసి పెదవి విరిచింది. "ఇట్టాంటి బండ్లతో శానామంది వీరులొచ్చారు. ఆ వాగు కూడా దాటలేదు. మూడుసార్లు వెలిగించి ఇస్తా. ఆపైన అడగమాక" అంది.

ఎండిన వాగు నిండా గుండ్రాళ్లు. బండి చక్రాలు ఇరుసుకు, ఇరుసు పలకకు బిర్రుగా బిగించి ఉన్నాయి. ఒక చక్రం రాయెక్కగానే బండి మొత్తం ఒరిగింది. ప్రమిద దొర్లి, నూనె ఒలికిపోయి దీపం ఆరిపోయింది.

గౌరసాని గట్టున కూర్చుని చాలాసేపు ఆలోచించింది. చక్రం రాయెక్కితే దానితోపాటు బండి ఎందుకెక్కాలి? ఇరుసులు కోసేసి, చక్రాలను వేటికవే వెదురుబద్దలకు కట్టింది. విల్లుల ఇంటి పిల్ల కదా, బద్దలను పొగలో పదును పెట్టి, వంచి వదిలితే చటుక్కున వెనక్కి కొట్టేవాటినే ఏరుకుంది. వాళ్లింట్లో మంచి వెదురంటే అదే మరి.

రెండోసారి చక్రం ఒక్కటే లేచింది, పలక కదల్లేదు. గౌరసాని చప్పట్లు కొట్టింది. మరుక్షణం రాయి దాటగానే, వంగిన బద్ద బాణం వదిలినట్టు వెనక్కి కొట్టింది. బండి ఎగిరింది. ప్రమిద ఇంకా పైకి ఎగిరింది.

"బండి నడిపావా, బాణమేశావా?" అని రాక్షసి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

గౌరసానికి ఏడుపొచ్చింది. "మా నాయన చేసినట్టే చేశాను."

రాక్షసి నవ్వు ఆపేసింది. "ఏడవమాకే పిల్లా. మీ నాయన చేసింది బాణం కోసం గదా, దీపం కోసం కాదు గదా" అంటూ ఆముదం కాగులో గరిటె జారవిడిచింది. చిక్కటి ఆముదంలో ఆ బరువైన గరిటె తొందర లేకుండా మెల్లగా మునిగింది. గౌరసాని కన్నార్పకుండా చూసింది.

ఆ రోజే సన్న వెదురుగొట్టాల నిండా ఆముదం పోసి, లోపల ఆడే బిళ్లకు చిన్న బెజ్జం పెట్టి, ఒక్కో చక్రానికి ఒక్కో గొట్టం కట్టింది. బద్ద ఎంత విసురుగా లేచినా ఆముదం బెజ్జంలోంచి మెల్లగా జారితేగానీ చక్రం కదలదు. ఈసారి దీపం అడగలేదు. ప్రమిదలో నీళ్లు పోసి నడిపి చూసింది. బెజ్జం మరీ సన్నమై, లేచిన చక్రం కిందికి దిగేలోగానే రెండో రాయి వచ్చేసేది. కాల్చిన సూదితో కొంచెం పెద్దది చేసింది. నీళ్లు తొణికాయి. బద్దలు పలచన చేసింది. చుక్క తొణక్కుండా బండి వాగు దాటాకే వెళ్లి చివరి దీపం అడిగింది.

దారిలో పులి ఎదురొచ్చిందిగానీ, మనిషి లేకుండా నడిచే దీపాన్ని చూసి తోక ముడిచింది. గౌరసాని కోట చేరింది.

అక్కడ ఆమె కాళ్లు ఆగిపోయాయి. తండ్రి అడుగుమెట్టునే, ఎదురుగా ఉన్నాడు. ముందు ఆయనకు వెలుగు చూపితే చాలు, నాయన వస్తాడు. కానీ బండి మెట్లు దిగుతుందిగానీ ఎక్కదు. ఆయన తొలి ఊపిరికే దీపం ఆరిపోతుంది, పైనున్న వాళ్లంతా రాళ్లుగానే మిగిలిపోతారు. పైనుంచి మొదలుపెడితే, ప్రతి మెట్టునా ఊపిరి తగిలేలోగా బండి కింది మెట్టుకు దిగిపోవాలి. మధ్యలో ఎక్కడ కుదుపొచ్చినా నాయన ఇక లేడు. "తప్పు చేస్తే క్షమించు నాయనా" అనుకుని, పక్కనున్న ఏనుగుల వాలుబాట మీదుగా బండిని పైకి ఎక్కించింది.

రాజుగారి ముఖాన వెలుగు పడింది. బండి దిగింది. ముందు చక్రాలు కుంగాయి, వెనక చక్రాలు కుంగాయి, పలక నిదానంగా సర్దుకుంది. యువరాజు, మంత్రి, సేనాపతి. వెనక నుంచి ఊపిరి చప్పుళ్లు తరుముకొస్తున్నాయి. ఒక మెట్టున రాయి పెచ్చులూడి గుంటపడి ఉంది. చక్రం అందులో పడింది, జ్వాల పూర్తిగా వాలిపోయింది. ఆముదం మెల్లగా జారింది, చక్రం మెల్లగా లేచింది, జ్వాల నిలబడింది.

అడుగుమెట్టున బండి ఆగింది. వరుసగా నిలబడ్డ పనివాళ్లందరి మీదా వెలుగు పడింది. బయ్యన రొమ్ము పొంగింది. ఆయన ఊపిరికి దీపం ఆరిపోయింది.

రాజుగారు గౌరసానికి యంత్రశాల అప్పగించడం, కొన్నేళ్లకు యువరాజు ఆమెనే పెళ్లాడతానని పట్టుబట్టడం, ఆ పిల్ల ఒప్పుకునే ముందు అతన్ని బాగా ఏడిపించడం, అన్నీ జరిగాయి. అవి తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం బయ్యన పొగ వస్తున్న ఒత్తిని చూసి కంగారుపడ్డాడు.

"అయ్యో, ఎవరిదో దీపం ఆర్పేశానే అమ్మీ!"

"ఆరిపోనీ నాయనా" అంది గౌరసాని, ఆయన్ని కావలించుకుని.