వెదురు గూటిలో తెల్లని కూన

ఒక ఉదయం కంకణవరం రాజ్యంలో హంసవేణి నది రాయిగా మారిపోయింది. లేచిన కెరటం లేచినట్టే నిలిచింది. నురగలో దూకుతున్న చేప తోక పైకెత్తి అలాగే ఉండిపోయింది. నది నడుమ తెప్ప మీద, తలపై బుట్టల దొంతితో సన్యాసి అనే మేదరి కూడా రాయయ్యాడు. ఆయన కళ్లు మాత్రం కదులుతున్నాయి. గట్టున నిలబడిన కూతురు పైడమ్మను అవి చూస్తూనే ఉన్నాయి.

ఆస్థాన జోస్యుడు రాజుకు మార్గం చెప్పాడు. "కొండల అవతల మేఘాల గుహలో దేవశునకం ఉంది. దాని కూన ఈ గట్టున భయం లేకుండా నిద్రపోతే, ఆ ఊపిరికి నది కరుగుతుంది. అంతవరకూ దాని పాదం మన నేలను తాకితే పొగై పోతుంది. గూటిలోనే తేవాలి. అమావాస్య దాటితే ఆ మేదరి కళ్లు కూడా రాయవుతాయి."

సేనాపతి బంగారు గూడు, పట్టు పరుపు తీసుకుని వెళ్లాడు. ఆరు రోజులకు ఉత్త చేతులతో తిరిగివచ్చాడు. "లోపలికి తోసి గొళ్లెం పెట్టామో లేదో, అది ఏడ్చింది మహారాజా. ఆ ఏడుపుకు కొండ నెర్రెలిచ్చింది. గూడు వదిలేసి వచ్చేశాం" అన్నాడు.

పైడమ్మ ఆ మాట విన్నది. కొత్త గంపలో కోడిని పొదగేస్తే లేచిపోతుందనీ, దాని పాత గడ్డి అడుగున పరిస్తే కూర్చుంటుందనీ ఆమెకు తెలుసు. వెదురు చీల్చి, తలుపున్న గూడు అల్లి, తలకెత్తుకుని బయలుదేరింది.

మొదటి అడవిలో ఆకులన్నీ దీపాల్లా వెలుగుతున్నాయి. ఆమె నడిచిన చోట వెలుగు తగ్గి, దాటగానే మళ్లీ పెరిగింది. రెండవ అడవి చివర ఒక గుట్ట కళ్లు తెరిచింది. అది కనుమను కాచే రాక్షసుడు.

"బంగారు గూడు తెచ్చినోళ్లే పరిగెత్తారు. నీ గూటికి పరుపైనా లేదేటే?" అన్నాడు రాక్షసుడు.

"పరుపు నానెలా తేగల్ను తాతా? ఆ కూన పడక దాని అమ్మ దగ్గరుంటాది. అడిగి తీసుకోవాల."

రాక్షసుడు "ఇదెవురూ అన్లేదు" అంటూ కాలు పక్కకు జరిపాడు.

గుహలో తల్లి శునకం మబ్బంత ఎత్తున పడుకుని ఉంది. దాని బొచ్చులో సన్నని మెరుపులు పాకుతున్నాయి. పైడమ్మ గూటిని దించి దణ్ణం పెట్టింది.

"నా బిడ్డను బంధించడానికి వచ్చావా?" అన్నది శునకం.

"లేదమ్మా. మా అయ్య రాయైపోనాడు. నీ బిడ్డకి ఈ గూడు నచ్చితేనే తీసుకెల్తాను. నచ్చకపోతే ఒట్టి సేతుల్తో ఎల్లిపోతాను. నీ పడకలో గడ్డి గుప్పెడు ఇయ్యి."

గడ్డి పరిచి, తలుపు కొట్టుకోకుండా తాడుతో వెనక్కి కట్టింది. కూన వచ్చి గూటిని వాసన చూసి, ఒక పుల్ల కొరికి పారిపోయింది. పైడమ్మ దానివైపు చూడకుండా బుట్ట అల్లుకుంటూ కూర్చుంది. మర్నాడు పాలలో నానిన చోడిరొట్టె, అంటే రాగిరొట్టె ముక్క గూటి గడప మీద పెట్టింది, సాయంత్రం మరికాస్త లోపల. మూడో రోజు కూన తనంతట తానే లోపలికి వెళ్లి తిన్నది. అప్పుడు తలుపు వేసి, అది మూలగకముందే తీసింది. తరువాత పది ఊపిర్ల సేపు, తరువాత బుట్ట అంచు అల్లినంత సేపు. ఐదో రోజు మధ్యాహ్నం తలుపు వేసి ఉండగానే అది నిద్రపోయింది.

తల్లి శునకం ఆ నిద్రను చాలాసేపు చూసింది. "నా ఒడి తరువాత ఇది నమ్మిన మొదటి చోటు ఇదే. తీసుకెళ్లు" అన్నది.

దారిలో కూన కుయ్యిమంటే పైడమ్మ ఆగేది. పుల్లల సందున వేళ్లు పెట్టి, అది నెమ్మదించాక నడిచేది. అలా అమావాస్య నాటి సాయంత్రానికి గట్టు చేరింది. అక్కడ జనం డప్పులు, శంఖాలతో ఎదురువచ్చారు. ఆ మోతకు కూన లేచి వణికి ఏడ్చింది. ఆ ఏడుపుకు సన్యాసి ఎడమ కన్ను రాయయింది.

"గొళ్లెం బిగించు పిల్లా, దూకుతుంది" అన్నాడు సేనాపతి.

"డప్పులాపించండి బాబూ" అని పైడమ్మ గొళ్లెం తీసి తలుపు తెరిచింది.

డప్పులు ఆగాయి. కూన ముందుకాలు గడప దాటించింది. పాదానికీ నేలకూ నడుమ బెత్తెడు దూరం. పైడమ్మ పిలవలేదు, పట్టుకోలేదు. గుహలో కూర్చున్నట్టే పక్కన కూర్చుని, అటు తిరిగి వెదురు గీసుకోసాగింది. తండ్రి మిగిలిన కన్ను ఆమెనే చూస్తోంది.

కూన ఆ వెదురు గీస్తున్న చప్పుడు కాసేపు విన్నది. కాలు వెనక్కి తీసుకుని, అమ్మ గడ్డిలో ముక్కు దూర్చి కళ్లు మూసుకుంది.

గూటిలోంచి తెల్లని ఊపిరి దారంలా సాగి నదిని తాకింది. కెరటం వాలింది. చేప మునిగింది. నది అంత మెల్లగా కదలడం అంతకుముందు ఎవరూ చూడలేదు. సన్యాసి తెప్పను గట్టుకు తోసి, దిగి నడిచివచ్చి కూతురి తల మీద చేయి వేశాడు. ఒక్కరూ కేక పెట్టలేదు. కూన లేస్తుందేమోనని రాజు సైతం పాదరక్షలు విప్పి మునివేళ్ల మీద నడిచాడు.

తెల్లవారి కూనను తల్లికి అప్పగించడానికి రాజు పల్లకి ఇస్తానన్నాడు. పైడమ్మ వద్దని గూటిని తలకెత్తుకుంది. మేఘాల గుహ దాకా గూటి తలుపు తెరిచే ఉంది. కూన దారంతా నిద్రపోయింది.