కొత్తవాళ్ల చెయ్యి పట్టే రోలర్లు

దెయ్యం కథ అనగానే చెవులు రిక్కిస్తావు. పనిలో కొత్తగా చేరిన మనిషికి నాలుగు జాగ్రత్తలు చెప్పమంటే మాత్రం నీకు ఆవలింతలు ముంచుకొస్తాయి. సిగ్గు తెచ్చుకుని విను.

ఒక రబ్బరు ఫ్యాక్టరీలో వెనకవైపు షెడ్డు. అందులో రెండు ఇనుప రోలర్లు ఎదురెదురుగా లోపలికి తిరుగుతూ, వేడి రబ్బరు ముద్దని రేకులా నొక్కుతుంటాయి. అక్కడ దెయ్యం ఉందని పేరు. పాతవాళ్ల జోలికి పోదట. కొత్తవాళ్లని మాత్రం... చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుందట.

ఈ మాట పుట్టించింది ఆ షెడ్డు మేస్త్రీయే. పని నేర్పుతూ కూర్చుంటే ఆ పూట రేకులు తగ్గుతాయి. ఎవరి చెయ్యైనా నలిగితే, ఆ నెపం దెయ్యం మీద వేస్తే అది వచ్చి కాదనదు కదా.

ఆ రోజే చేరిన అమ్మాయిని, రాత్రి షిఫ్టులో, తిన్నగా తీసుకెళ్లి అక్కడే నిలబెట్టాడు. నోరున్న పిల్ల. ఇచ్చిన గుడ్డ గ్లవ్స్ తొడుక్కుని చేతులు ఊపి చూసుకుంది.

"ఇందులో నా చెయ్యి కాపురం పెట్టొచ్చు మేస్త్రీ గారూ."

"ఉన్నది ఒకటే సైజు. ఎక్కువ మాట్లాడితే దానికి కోపం."

"దెయ్యానికా, మీకా?"

మేస్త్రీ మొహం చిట్లించుకుని వెళ్లిపోయాడు.

పక్క బల్ల దగ్గర రేకులు కత్తిరిస్తున్న పెద్దావిడ చేతులకి ఏమీ లేవు.

"పిన్నీ, నువ్వు తొడుక్కోవేం?"

"రోలర్ల మీద చేసినప్పుడూ తొడుక్కోలేదే. ఎందుకంటే..." ఆవిడ గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీని చూసి మాట మింగేసింది. "వాడు చూస్తున్నాడు. తర్వాత చెబుతా."

అర్ధరాత్రి దాటింది. దీపాలు మినుకుమంటున్నాయి. రోలర్లు మూలుగుతున్నాయి. అమ్మాయి ముద్ద పెట్టి చెయ్యి తీయబోయింది—

ఎవరో వేలి కొస పట్టుకున్నారు.

మెల్లగా... చంటిపిల్ల లాగినట్టు. ఆ వెంటనే, గట్టిగా.

బలమంతా కూడదీసుకుని వెనక్కి గుంజింది. చెయ్యి వచ్చింది. గ్లవ్ రాలేదు. అది అణిగిపోయి, ఐదు వేళ్లూ చాచి, రోలరు మీది రబ్బరుకి అంటుకుంది. కిందికి దిగింది... మళ్లీ పైకొచ్చింది... మళ్లీ.

"పిన్నీ... అది నన్ను రమ్మంటోంది."

"దెయ్యమూ లేదు, దాని బొందా లేదు. వదులు గ్లవ్స్ కొసని రోలరు పట్టేస్తుంది. అందుకే మేం తొడుక్కోం."

"నా వేళ్లు పోయాక చెబుదామనుకున్నావా?"

పిన్ని కత్తి బల్ల మీద పడేసి, అమ్మాయి వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది.

అలికిడి విని మేస్త్రీ పరుగున వచ్చాడు. తిరుగుతున్న గ్లవ్ చూశాడు.

"ఆపి తీద్దామండీ," అంది అమ్మాయి.

"ఆపితే ఎందుకాపావని పైవాళ్లు అడుగుతారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా దీన్ని. నువ్వా నాకు చెప్పేది?"

చూశాడు, నిజమే. ఆ ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ దాని మీద చెయ్యి పెట్టి పని చేసిన పాపాన పోలేదు. రోలర్లకి అతనూ కొత్తవాడే.

గ్లవ్ పైకి రాగానే లటుక్కున పట్టుకున్నాడు. వేడి రబ్బరు అతని వేళ్లని వదల్లేదు. అమ్మాయి ఎగిరి, రోలర్లని ఆపే ఎర్ర మీట నొక్కింది. రోలర్లు ఆగాయి... కాస్త ఆలస్యంగా.

కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. మేస్త్రీ పదవి ఊడింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. పెళ్లాం పక్కన నిలబడి, విసుక్కోకుండా, మళ్లీ మళ్లీ మొదటినుంచి చెబుతోంది.